రాసిపెట్టే మనిషి కోసం

పిల్లలూ, నాకు సంతకం పెట్టుడు వస్తది. బస్సు బోర్డు మీద కామారెడ్డి, ఎల్లారెడ్డి అనే రెండు పేర్లు సదవస్తది. అంతకు మించి నన్ను అడుగొద్దు. ఇది నేను చెప్తున్న, మా హాస్టల్ల సదువుకున్న పిల్ల ఒకామె రాస్తున్నది. కూసునే ముందే ఆమెకు ఒక్క మాట చెప్పిన. నా మాటకు నీ మాట కలపకు, నేను తప్పు చెప్తే తప్పే రాయి అన్న. ఎందుకట్ల అన్ననో ముందుకు పోతుంటే మీకే తెలుస్తది. పేర్లు మాత్రం ఎవలయి చెప్ప. మంచి చేసినోళ్ల పేరు చెప్తే వాళ్లకు సిగ్గు, తప్పు చేసినోళ్ల పేరు చెప్తే వాళ్లకు కోపం. ఈ ముచ్చటల రెండు తీర్ల మనుషులు ఉన్నరు. నేనైతే రెండిట్ల ఉన్న.

కామారెడ్డిల ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్ల ఇరవై ఆరేండ్లు అన్నం వండిన. మా ఆయన అదే కాలేజీకి వాచ్‌మన్. ఆయన పోయినంక పెద్దసారు పిలిచి, "ఏం పని వస్తదమ్మా నీకు" అన్నడు. "ఎసరు పెట్టొస్తది సారూ" అన్న. గంతే, నా ఇంటర్వ్యూ అయిపోయింది. మీరు ఒక్క నౌకరీ కోసం ఏండ్లకేండ్లు కోచింగులకు తిరుగుతుంటే చూసి నాకు పాపమనిపిస్తది.

ఇప్పుడు మీకు ఈ పాత విద్యార్థుల సంఘం అంటే మస్తు గౌరవం. మొదట్ల నాకు వాళ్లంటే తలనొప్పి. ఏడాదికొక్కపారి వస్తుండె. పొట్టలు పెంచుకోని, కండ్లద్దాలు పెట్టుకోని. ఈ బెంచీల నేను కూసున్న, ఈ గోడ నేను దుంకిన అని ఒకలకొకలు చెప్పుకునుడు, ఫొటోలు దిగుడు, బగారన్నం తినుడు, పోవుడు. గిన్నెలు తోముకునేది నేను. పోయేటప్పుడు "అక్కా, నీ చేతి పప్పు ఇప్పటికీ యాదికున్నది" అంటరు మొగోళ్లు. నేను వండింది ఆడపిల్లల హాస్టల్ల. నా పప్పు వాళ్లు ఎప్పుడు తిన్నరో నాకైతే ఇప్పటికీ సమజ్ కాలే.

ఒక యేడు మాత్రం దోమకొండ దిక్కు బడిల చెప్పే టీచరమ్మ, ఆమె గూడ ఇక్కడ సదివిన పిల్లనే, ఫొటో కాడికి పోకుండ సక్కగ వంటింట్లకు వచ్చింది. కత్తిపీట ముంగట కూసోని ఉల్లిగడ్డ కోసుకుంట అడిగింది.

"అక్కా, హాస్టల్ల పిల్లలకు దేనికి తక్లీబు ఉన్నది?"

ఫ్యాన్లు అంటననుకున్నదో, బకెట్లు అంటననుకున్నదో. "ఒక పిల్లకు సదివి వినిపించేటోళ్లు లేరు" అన్న.

ఆ పిల్లకు పుట్టినప్పటి సంది కండ్లు కానరావు. ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న పల్లె వాళ్లది. తల్లిదండ్రి ఏడాదిల నాలుగు నెలలు మహారాష్ట్రకు చెరుకు కొట్ట పోతరు. తల్లి దించిపోయిన నాడు నాతోని తెగేసి చెప్పింది. "డిగ్రీ అయిందాక ఉంచుకో అక్కా. మధ్యల తప్పిందంటే మాత్రం తీస్కపోత. మేము చెరుకుకు పోతే ఇంటికాడ ముసలమ్మకు మనిషి కావాలె." ఆమె మీద నాకు కోపం రాలే. చెరుకు గీరి గీరి ఆమె చేతులు నా చపాతీల పెనం కంటె అధ్వాన్నం ఉండె.

తోటి పిల్లలు సదివి వినిపిద్దురు గని, వాళ్ల సదువు వాళ్లకు ఉండె. పరీక్షలొస్తే ఈ పిల్ల ఒక్కతే మంచం మీద కూసోని గోడకు ముఖం పెట్టుకునేది.

టీచరమ్మ ఆ ముచ్చట సంఘంల పెట్టింది. సంఘానికి పెద్దమనిషి కామారెడ్డిల ఎరువుల దుకాణం ఆయన. "మనం సదువుదాం, ఫోనుల రికార్డు చేసి పంపుదాం" అన్నడు. మాటలే అనుకున్న. కాదు. వారం తిరగకముందే పాఠాలు రావట్టినయి. తలొక పుస్తకం పంచుకున్నరు. ఎరువులాయన దుకాణంల కూసోని సదివేది. నడుమ నడుమ "యూరియా రేపొస్తది, రేపు రా" అని వినపడేది. ఒకాయన పొలం కాడ మోటరు పక్కన నిలబడి చరిత్ర సదివిండు, ఎనక లేగదూడ అరుస్తుండె. మద్నూర్ల ఉండే ఒకామె తెలుగు సదివితే మరాఠీ పాట తీర్గ ఉండేది. పిల్ల ఆ ఫోను చెవుకు పెట్టుకోని నా పొయ్యి పక్కన పీట మీద కూసునేది. నేను రొట్టెలు కొడుతుంటే నాకు గూడ వినపడేది. కాకతీయుల సంగతి ఇప్పుడు నన్ను అడుగుండ్రి, చెప్త. దూడ అరిసిన కాడికి అయితే మంచిగ చెప్త.

మూడేండ్లు, పిల్లలూ. ఒక్క నెల తప్పలే. వాళ్లకు ఇండ్లున్నయి, పిల్లలున్నరు, షుగర్లు బీపీలు ఉన్నయి. ఫొటోలు దిగి పోయేటోళ్లనుకున్న మనుషులు గిట్ల సదివిన్రు. నేను ఎంత తప్పుగ అనుకున్ననో అప్పుడు తెలిసింది.

సంఘంల ఒక మనిషి మాత్రం పాఠం సదువలే. ఎల్లారెడ్డిల కిరాయి కారు నడుపుతడు. "నాకు సదువుడు రాదక్కా, బండి నడుపుడే వస్తది" అనేటోడు. సెలవులకు పిల్లను పల్లెల దించుడు, మల్ల తెచ్చుడు ఆయనే. మీటింగు ఉన్నదంటే అందరికంటె ముందొచ్చి కుర్చీలేసేది, అందరు తిన్నంక తినేది. స్టేజీ మీదికి రమ్మంటే బండి కాడ పని ఉన్నదనేటోడు. ఆయన ఎందుకట్ల దూరం దూరం ఉంటడో ఆ కాలేజీల నా ఒక్కదానికే ఎరుక.

ఆ పిలగాడు ఇక్కడ డిగ్రీ సదివేటప్పుడు మా ఆయన బతికే ఉండె, మేము కాలేజీ గేటు కాడనే ఉంటుంటిమి. ఫలితాలు బోర్డుకు అంటించిన నాడు పంపు షెడ్డు ఎనక ఈ పిలగాడు మోకాళ్ల నడుమ తల పెట్టుకోని కూసున్నడు. మూడుసార్లు రాసినా ఇంగ్లీషు పేపరు పోయింది. నీళ్లు తాపిచ్చి లేపిన. "అక్కా, ఎవలకు చెప్పకు" అన్నడు. చెప్ప అని ఒట్టేసిన. ఆయన స్టీరింగు పట్టిండు, పెండ్లి చేసుకున్నడు, బిడ్డలైన్రు. డిగ్రీ చేసిండని జనమే అనుకున్నరు. ఆయన కాదనలే. సంఘం ఫోను గ్రూపుల అందరి పేర్ల పక్కన పెట్టినట్టే ఆయన పేరు పక్కన గూడ బిఏ అని పెట్టిన్రు. అదిగూడ కాదనలే.

ఇగ నా తప్పు సంగతి చెప్త.

కండ్లు కానరానోళ్లకు పరీక్షల పక్కన ఒకలు కూసోని, వాళ్లు చెప్పింది రాసిపెడ్తరు. ఆఫీసోళ్లు స్క్రైబ్ అంటరు. మొదటి రెండేండ్లు పక్క కాలేజీల ఇంటర్ సదివే పిల్ల ఒకామె రాసింది. మూడో యేడుకు ఆమె హైదరాబాద్ పోయింది. టీచరమ్మ సంబురంగ, "ఈసారి నేనే రాస్త, లీవు పెడ్త" అన్నది. అందరు సప్పట్లు కొట్టిన్రు.

పరీక్షల ఆఫీసుల ఒక క్లర్కు ఉండె. మనిషి మంచోడే, నోరు ఊకుండదు. నన్ను ఆట పట్టియ్యకుంటే ఆయనకు చాయ దిగదు. ఒకపారి, "అక్కా, యూనివర్సిటీల కొత్త రూలు. వంటోళ్లకు గూడ పరీక్ష ఉన్నదట. పప్పు మీద మూడు గంటలు రాయాలెనట" అన్నడు. రెండు దినాలు నాకు బుక్క దిగలే. నౌకరీ పోతదని బుగులుతోని పెద్దసారు కాడికి పోయి అడిగితే ఆయన నవ్వలేక సచ్చిండు. అప్పటి సంది ఆ క్లర్కు ఏం చెప్పినా ఈ చెవుతోని విని ఆ చెవుతోని ఇడిసిపెట్టేదాన్ని.

పరీక్షలు పదిహేను దినాలున్నయనంగ చాయ ఇయ్యపోతే అన్నడు. "అక్కా, మీ పిల్లకు రాసేటోళ్లు ఎక్కువ సదువుకున్నోళ్లు ఉండొద్దు. తక్కువ సదువుకున్నోళ్లే రాయాలె. జర వాళ్లకు చెప్పు."

నేను నా లోపల అనుకున్న, మల్ల మొదలువెట్టిండు అని. ఎక్కడన్న ఉంటదా, సదువు రానోళ్లే పరీక్ష రాయాలెనని? నాకు సదువు రాదని ఎక్కిరిస్తున్నడనుకున్న. "అయితే నేనే రాస్త తియ్యి" అని గిలాస తీస్కోని వచ్చిన. ఎవలకు చెప్పలే.

ఆ పదిహేను దినాలల్ల టీచరమ్మ ఐతారం ఐతారం వచ్చి పిల్లతోని రాసుడు అలవాటు చేసింది. పిల్ల జవాబు చెప్పేది, ఆమె రాసేది. నడుమ, "ఈ మాట బాగలేదమ్మా, గిట్ల అందాం" అని దిద్దేది. ఆమె పొద్దుందాక బడిల దిద్దే మనిషి, చెయ్యి ఊకుంటదా. ఆమె పోయినంక పిల్ల రొట్టె ముంగట పెట్టుకోని మెల్లగ అన్నది.

"అవ్వా, టీచరమ్మ మంచిగ రాస్తది. అయినా అది నా జవాబు కాదు, ఆమెది."

"పనులిడిసిపెట్టి వస్తున్నది నీ కోసం. నోరు మూసుకోని తిను" అని గదుమాయించిన. ఇది నా రెండో తప్పు.

మొదటి పేపరు మధ్యాన్నం రెండింటికి. పది గంటలకే పరీక్షల ఆఫీసుకు పోయినం. నేను, పిల్ల, టీచరమ్మ, ఎరువులాయన. కారాయన టీచరమ్మను దోమకొండ నుంచి తీస్కొచ్చి గేటు కాడ బండి పక్కన నిలబడ్డడు. టీచరమ్మ కొత్త పెన్నులు నాలుగు తెచ్చింది. పరీక్షల సారు ఆమె కాయితాలు చూసిండు. కండ్లద్దాలు తీసి మల్ల చూసిండు.

"అమ్మా, మీరు ఎమ్మే బీయిడి. మీరు రాయరాదు."

"ఎందుకు సార్?"

"పరీక్ష రాసే పిల్ల కంటె ఒక మెట్టు తక్కువ సదువు ఉన్నోళ్లే రాయాలె. ఈ పిల్లది డిగ్రీ. రాసేటోళ్లది ఇంటర్ దాటొద్దు. ఇప్పుడు ఇదే కాలేజీల సదివేటోళ్లు గూడ వద్దు. రేపు ఎవలన్న అడిగితే పిల్ల పేపరే చెల్లదు. నా చేతిల లేదమ్మా."

ఎరువులాయన, "ముందుగాల చెప్పాలె గద సార్" అన్నడు. సారు క్లర్కు దిక్కు చూసిండు. క్లర్కు నా దిక్కు చూసిండు.

"పదిహేను దినాల కింద అక్కకు చెప్పిన సార్."

అందరి ముఖాలు నా దిక్కు తిరిగినయి. "చెప్పిండు" అన్న. "నేను మస్కిరి అనుకున్న."

టీచరమ్మ పెన్నులు సంచిల పెట్టుకున్నది. క్లర్కుకు గూడ పప్పు పరీక్ష ముచ్చట యాదికొచ్చినట్టుంది, తల వంచుకున్నడు. పిల్ల మాత్రం, "అవ్వా, టైమెంతయింది?" అని అడిగింది. పదిన్నర అన్న. "ఇంక మస్తు టైమున్నది" అన్నది. ఆ మాట నా పాణం తీసింది. ఈ పేపరు పోతే తల్లి తీస్కపోతది. మూడేండ్లు ఇంతమంది సదివి వినిపించింది, నేను ఒక్కదాన్ని మస్కిరనుకోని చెప్పకపోయిన దానికి పోతది.

పక్క కాలేజీ ఇంటర్ పిల్లలు సెలవులకు ఊళ్లకు పోయిన్రు. ఎరువులాయన, టీచరమ్మ వరండాల నిలబడి ఫోన్లు పట్టుకున్నరు. సంఘంల పేర్లు చూస్తే అందరిది ఇంటర్ దాటిన సదువే. ఒకలు ఎమ్మెస్సీ, ఒకలు రెండు ఎమ్మేలు. ఇన్నేండ్లు పేర్ల ఎనక తోకల తీర్గ పెట్టుకున్న సదువులు ఆ దినం ఒక్కటి గూడ పనికిరాలే. ఒకామె మేనల్లుడు ఇంటర్ పాసైండని ఉరికొచ్చిండు, పాపం, చెప్పులు గూడ సరిగ ఏసుకోలే. మెమో ఏదంటే హైదరాబాద్ల ఇంజినీరింగ్ కాలేజోళ్లు పెట్టుకున్నరన్నడు. ఫోనుల ఫొటో చూపిస్తే సారు, "అసలు కాయితం కావాలె" అన్నడు.

"మన సంఘంల డిగ్రీ లేనోడు ఒక్కడన్న లేడా" అన్నది టీచరమ్మ. ఎరువులాయన జేబు రుమాలు తీసి ముఖం తుడుసుకున్నడు, తుడుసుకుంటనే ఉన్నడు.

నేను గేటు కాడికి పోయిన. కారాయన బానెట్ మీద బట్టతోని రుద్దుతున్నడు. సంగతి చెప్పిన. చెయ్యి ఆగింది.

"అక్కా, ఒట్టేసినవు."

"ఏసిన. నేను లోపట చెప్ప. చెప్తే నువ్వే చెప్పుకోవాలె."

"నా బిడ్డ ఆరో తరగతి సదువుతున్నది. నాన్న బిఏ అని బడిల రాసిచ్చింది."

"రాసియ్యనీ. నువ్వు పోనంటే బండి తియ్యి. ఈ పిల్లను, దాని పెట్టెను ఇప్పుడే పల్లెల దించిరా. తల్లికి ఏం చెప్తవో నువ్వే చెప్పు. నాకైతే నోరు రాదు."

మాట కరుకుగ వచ్చింది, నా తప్పు ఆయన మీద ఏసినట్టు. ఆయన బట్ట మడత పెట్టుకుంట నిలబడ్డడు. ఈ లోపట పిల్ల నా గొంతు వినపడ్డ దిక్కు కర్ర తట్టుకుంట గేటు దాక వచ్చింది. ఎంత విన్నదో తెల్వది.

"అన్నా, నేను చెప్పింది చెప్పినట్టు రాస్తే చాలు. పెద్ద మాటలు అవసరం లేదు."

"నా రాత మంచిగుండదు చెల్లె" అన్నడు.

"నాకెట్లన్న కనపడదు గదన్నా."

ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆఫీసు దిక్కు నడిసిండు. లోపట నలుగురి ముంగట నిలబడి, చేతులు ఎనక కట్టుకోని, బడిల పిలగాని తీర్గ చెప్పిండు. "సార్, నేను రాస్త. నాది ఇంటరే. డిగ్రీ తప్పిన. మల్ల రాయలే."

క్లర్కు గూడ మస్కిరి చెయ్యలే. సారు, "మెమో ఉన్నదా?" అన్నడు. "ఇంట్ల పెట్టెల ఉన్నది సార్" అన్నడు. ఇల్లు ఎల్లారెడ్డిల. పదకొండు దాటింది. ఆయన పోయి రావాలంటే అయితది గని, సారు ఏవో కాయితాలు నింపాలె, ఇక్కడే ఉండుమన్నడు. వరండాలకొచ్చి భార్యకు ఫోను చేసిండు. ఆమె మాట గూడ మాకు వినపడుతుండె, అంత గట్టిగ మాట్లాడుతది.

"నా ఇంటర్ మెమో తీస్కోని బస్సెక్కు. నల్ల పెట్టెల, కింద."

"ఇంటర్‌ది ఎందుకు? డిగ్రీది తేనా?"

"అది లేదు."

"పోగొట్టినవా?"

"లేదంటే లేదు. తప్పిన."

కట్ అయిందనుకోని ఆయన చెవు కాడి నుంచి తీసి చూసిండు. అప్పుడు వినపడ్డది. "ఏ బస్సెక్కాలె?"

ఒకటీ నలభైకి దిగింది ఆమె. మెమోను ప్లాస్టిక్ కవర్ల పెట్టి, దాన్ని కొంగుల చుట్టుకోని, కొంగు నడుముల దోపుకున్నది. గేటు కాడ మొగనికి ఇచ్చుకుంట అన్నది.

"మా బాపు ఊరంత తిరిగి చెప్పుకున్నడు, అల్లుడు బిఏ అని. ఆ సంగతి ఇంటికాడ మాట్లాడుకుందాం. ముందు లోపటికి పో."

సారు మెమో అటు ఇటు తిప్పి చూసి సంతకం పెట్టిండు. గంట కొట్టిన్రు. పిల్ల ఆయన మోచెయ్యి పట్టుకోని లోపటికి పోయింది.

కండ్లు కానరానోళ్లకు ఒక గంట ఎక్కువ ఇస్తరు. ఆ నాలుగు గంటలు నేను, ఆయన భార్య, సైకిల్ స్టాండు కాడ అరుగు మీద కూసున్నం. నేను నా తప్పు ఆమెకు చెప్పుకున్న. ఆమె విన్నట్టే లేదు. చానసేపు కోపంతోని గడ్డిపోసలు పీకింది. తర్వాత అన్నది.

"నేను ఏడో తరగతి అక్కా. బిఏ మొగడని ఆయన ముంగట నోరు తెరవాలంటే భయపడ్డ ఇన్నేండ్లు. ఈ సంగతి ముందే తెలిస్తే ఎన్ని మాటలనేదాన్నో."

"ఇంకా బతుకున్నది తియ్యి, అందువు" అన్న. ఇద్దరం నవ్వినం. నా టిఫిను డబ్బల అటుకులు ఉంటే తిన్నం.

ఆరింటికి వాళ్లు బయటికొచ్చిన్రు. ఆయన వేళ్లు ముడిసి తెరుస్తున్నడు, స్టీరింగు కంటె పెన్ను బరువున్నదన్నట్టు. పిల్ల ముఖం చూసి నాకు సగం పాణం వచ్చింది.

"అవ్వా, ఈ అన్న ఒక్క మాట గూడ కలపలే. నేను ఆగితే ఆగిండు. నేను తప్పు చెప్తే తప్పే రాసిండు. మల్ల సదివి వినిపియ్యమని నేనే దిద్దించుకున్న. అంత నా పేపరే."

టీచరమ్మ పక్కనే ఉండె. ఆమె మనసు నొస్తదేమో అని నేను చూసిన. ఆమె పిల్ల చెయ్యి పట్టుకోని, "నేనైతే నీ పేపరు కరాబ్ చేద్దును గద" అన్నది. మనుషులు గిట్ల గూడ ఉంటరు, పిల్లలూ. మూడేండ్లు కష్టపడి, తన తప్పు నలుగురిల ఒప్పుకొని, మల్ల రేపటి పేపరుకు ఏం సదువాలెనని ఫోను తీసింది.

ఆరు పేపర్లు. ఆరు దినాలు కిరాయిలు ఇడిసిపెట్టి వచ్చిండు ఆయన. భార్య నాకు గూడ కలిపి టిఫిను పంపింది. సంఘపోళ్లు పాఠాలు సదువుడు ఆపలే, పరీక్ష ముందు దినం గూడ దూడ అరుపు వినపడ్డది. పిల్ల పాసైంది. తల్లి చెరుకు కాడి నుంచి ఫోను చేసి, "అయితే ఇంకేం సదువుతదట?" అని అడిగింది. తీస్కపోత అన్న మనిషి అడిగిన మాట అది. ఆ పిల్ల ఇప్పుడు టీచరు సదువు సదువుతున్నది.

నేను ఎరువులాయన కాడికి పోయి, "సారూ, నా మూలంగ పరేషాన్ అయింది, నన్ను ఏమన్న అనుండ్రి" అన్న. ఆయన ఎందుకో నా ముఖం చూడకుండ, "నిన్ను అనేటంత మనిషిని కాదక్కా నేను" అన్నడు. అప్పుడు నాకు సమజ్ కాలే.

ఆ యేడు పాత విద్యార్థుల మీటింగుల కారాయనకు శాలువా కప్పుతమన్నరు. ఎప్పటి తీర్గనే కుర్చీలేస్తున్నడు. మైకు పట్టుకోమంటే పట్టుకున్నడు. "శాలువా వద్దు సార్. గ్రూపుల నా పేరు పక్కన బిఏ అని ఉన్నది, అది తీసేయుండ్రి" అని మైకు ఇచ్చి మల్ల కుర్చీల కాడికి పోయిండు.

అక్కడికక్కడే తీసేసిన్రు. అన్నాల కాడ కూసున్నప్పుడు అందరి ఫోన్లు మోగినయి. ఎవలో గ్రూపుల పెట్టిండట, నాది గూడ తీసేయుండ్రి అని. జుక్కల్ దిక్కు ఒకాయన. తర్వాత, రెండో యేడుల పెండ్లయి పోయిన ఒకామె. నేను వడ్డించుకుంట తిరుగుతున్న, ఒకలు సదువుతుంటే వింటున్న. స్టేజీ మీద కూసోని తింటున్న ఎరువులాయన ఫోను చూడలే. లేసి నిలబడ్డడు.

"నాది గూడ తీసేయుండ్రి. రెండు పేపర్లు ఉండిపోయినయి. ఆ దినం పిల్లకు నేను గూడ రాసిపెట్టొచ్చుండె. నోరు రాలే. వాడు చెప్పిండు, నేను చెప్పలే."

సంఘానికి పదేండ్ల సంది పెద్దమనిషి ఆయన. జనం అన్నం కలుపుడు ఆపిన్రు. నేను పోయి ఆయన ఇస్తారుల పప్పు ఏసిన. ఇంకేం చెయ్యాల్నో నాకు తెల్వలే.

ఆ దినం సంది సంఘం తీరు మారింది. మొదట్ల పాసైనోళ్ల నంబర్లే ఎతుకుతుండె. ఇప్పుడు సదువు నడుమ ఇడిసిపెట్టినోళ్లను ఊరూరు తిరిగి ఎతుకుతున్నరు. సిగ్గుతోని ఇన్నేండ్లు కాలేజీ దిక్కు చూడనోళ్లు, ఇంటర్ మెమోలు సంచిల పెట్టుకోని వస్తున్నరు. నేను రిటైరయి రెండేండ్లాయె, అయినా ఐతారం హాస్టలుకు పోత, చూసేటందుకు. ఇప్పుడు అక్కడ కండ్లు కానరాని పిల్లలు ఇద్దరున్నరు. రాసిపెట్టేటోళ్లు ఆరుగురున్నరు.

ఆ ఆరుగురిని ఏరేది టీచరు సదువు సదివే మా పిల్లనే. ఆమె గూడ ఇప్పుడు పాత విద్యార్థి. ఒక్కొక్కలను ముంగట కూసోవెట్టుకోని జవాబు చెప్తది. నడుమ కావాల్నని ఒక తప్పు మాట చెప్తది. అది దిద్ది రాసినోళ్లను, "ఇంకో ఐతారం రాండ్రి" అని పంపిస్తది. పెద్దా చిన్నా చూడదు. ఎరువులాయన రెండుసార్లు తప్పిండు. చెయ్యి ఆగదు ఆయనకు, మంచి చేద్దామని దిద్దుతడు. మూడోపారి పెదవులు బిగబట్టుకోని, పిల్ల చెప్పిన తప్పును ఉన్నదున్నట్టు రాసిండు. పక్కనున్న పిల్ల ఒకామె కాయితం సదివి వినిపించింది. "పాసైన్రు సారూ" అన్నది మా పిల్ల.

ఆ మాపు ఆయన దుకాణం బంద్ పెట్టి, హాస్టల్ పిల్లలందరికి సరిపడ జిలేబీ తెచ్చిండు. వాళ్ల పేర్లు అడుగుకుంట, ఒక్కొక్క పిల్ల చేతిల ఆయనే పెట్టిండు.